రాజమండ్రి – కొచ్చి కళాకారుల రాకపోకలు: జమా ఖర్చుల వివరణ

చందాదారులందరికీ నమస్కారం. మన ముగ్గురు కళాకారులు కొచ్చిలో, అక్కడి ముగ్గురు రాజమండ్రిలో పది రోజులు ఉండి పనిచేసి, రెండు ఊళ్లలోనూ ప్రదర్శన పెట్టేందుకు మీరిచ్చిన సొమ్ము లెక్క ఇది.

312 మంది ఇచ్చిన చందాలు రూ.1,86,400. కొచ్చి మిత్రుల వాటా రూ.60,000. ప్రదర్శన గుమ్మం దగ్గర పెట్టిన హుండీలో రూ.14,350. మొత్తం జమ రూ.2,60,750.

ఇందులో చేరని జమ ఒకటుంది. అంబాజీపేట వైపు తాళ్లు పేనే మహిళలు డబ్బుకు బదులు 40 కిలోల కొబ్బరి తాడు ఇచ్చారు. ధర కట్టి రాస్తామంటే వద్దన్నారు. కొచ్చి శిల్పి ఆ తాడును తన ఊరి తాడుతో కలిపి, పైకప్పు నుంచి నేలదాకా జడలా అల్లారు. కొచ్చి తాడు నెలల తరబడి నీళ్లలో నానబెట్టిన కాయల పీచు, లేత బంగారు రంగు. మనది ఎండు డొక్కల పీచు, ముదురు గోధుమ రంగు. తాడు ఇచ్చిన మహిళలు వచ్చి, ముడులు వేళ్లతో తడిమి చూసి, రెండుచోట్ల వదులైందని చెప్పి తామే బిగించి వెళ్లారు.

ఖర్చులో పెద్దది చెక్కపెట్టెలు, రానుపోను లారీ కిరాయి: రూ.71,500. ఇంత పెట్టినా దారిలో ఒక పెట్టె తడిసి, ఒక నీటిరంగుల చిత్రం పాడైంది. రవాణాదారు నుంచి ఇంతవరకు పరిహారం అందలేదు కనుక జమలో చూపలేదు. ఆ చిత్రకారిణికి కమిటీ క్షమాపణ చెబుతోంది.

ఆరుగురు కళాకారులకు తలా పదివేల చొప్పున రూ.60,000 ఇచ్చాం. బొమ్మలు వేసేవారికి డబ్బెందుకని కొందరు అడిగారు. హాలుకు అద్దె కట్టి, దీపాలకు కిరాయి ఇచ్చి, కళాకారుణ్ణి మాత్రం ఉత్త చేతులతో పంపడం న్యాయం కాదని మా నిశ్చయం. మన ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు గారు ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆదరణతోనే బొంబాయి జె.జె. చిత్రకళా స్కూల్లో చదువుకోగలిగారు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూసిన ఆయన చిత్రాలు మన ఊరి గ్యాలరీలో ఈనాటికీ ఉన్నాయి. 2012 నుంచి బినాలే అనే పెద్ద కళా ప్రదర్శన జరుగుతున్న కొచ్చికి మన పిల్లలు వెళ్లాలన్నా అలాంటి చేయూతే కావాలి.

హాలు, గోడ పలకలు, దీపాలు రూ.46,800. రైలు ఛార్జీలు రూ.38,200. భోజనం, బస రూ.27,400. కరపత్రాలు, బ్యానర్లు రూ.9,600. మొత్తం ఖర్చు రూ.2,53,500.

నిల్వ రూ.7,250 బ్యాంకు ఖాతాలో ఉంది. తడిసిన చిత్రాన్ని బాగుచేయించేందుకు దాన్ని వాడాలని కమిటీ తీర్మానించింది. అభ్యంతరం ఉన్నవారు నెలాఖరులోగా తెలపండి. రసీదులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.