ఏ సీజన్ ముందు చూడాలి?

సంపాదకులకు నమస్కారం.

ఆంథాలజీ సిరీస్ (ప్రతి సీజన్‌కూ ఒక కొత్త కథ ఉండేది) కదా, ఏ సీజన్ నుంచి మొదలుపెట్టినా ఒకటే అన్న సలహా సినిమా పేజీల్లో తరచూ కనిపిస్తోంది. కొందరైతే కథ జరిగిన సంవత్సరాల వరుసలో పేర్చుకుని చూడమంటున్నారు. నేర కథల సిరీస్ 'ఫార్గో' విషయంలో ఈ రెండో సలహా అసలు మజానే చంపేస్తుంది.

సంవత్సరాల లెక్కన పేరిస్తే 1950 నాటి కాన్సస్ సిటీ కథ, అంటే నాలుగో సీజన్, ముందుకొస్తుంది. ఆ తర్వాత 1979 (రెండో సీజన్), 2006 (మొదటిది), 2010 (మూడోది), 2019 (ఐదోది). కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. కానీ రెండో సీజన్లో మనకు బాగా పరిచయమయ్యే ఒక మనిషి చిన్నతనం నాలుగోదాంట్లో ఉంది. అతనెవరో పేరు చెప్పి మీ సరదా చెడగొట్టను. ఆ సంగతి చివరిదైన 11వ ఎపిసోడ్లో, అదీ ముగింపు పేర్లు పడుతుండగా, ఒక ముఖం చూపించి తేల్చేస్తారు. రెండో సీజన్ చూడనివాళ్లకు ఆ ముఖం ఎవరిదైతేనేం? పైగా పేర్లు మొదలవగానే తెరను మూలకు నెట్టి ఇంకో వీడియోకి దూకే యాప్‌లున్నాయి. ఆటోప్లే ఆపుకోకపోతే, వరుస తప్పకుండా చూసినవాళ్లకూ ఆ ముక్క దక్కదు.

ఒకటి, రెండు సీజన్ల బంధం ఇంకా గట్టిది. మొదటిదాంట్లో బెమిడ్జిలో చిన్న హోటల్ నడుపుకునే మాజీ పోలీసు లూ సాల్వర్సన్, 1979లో సూ ఫాల్స్‌లో తాను చూసిన ఘోరం గురించి కాస్త చెప్పి ఊరుకుంటాడు. రెండో సీజన్ పదెపిసోడ్లూ ఆ మాట నీడలోనే నడుస్తాయి. లూ బతికే ఉంటాడని ముందే తెలిస్తే ఉత్కంఠ ఏముంటుందని అడగొచ్చు. అతను బతుకుతాడా అన్నది కాదు, ఏం చూశాడన్నదే అక్కడ ఉత్కంఠ. పదో ఎపిసోడ్లో అతని భార్య బెట్సీకి వచ్చే కలలో మొదటి సీజన్ నటులే కాసేపు కనిపిస్తారు. తలకిందులుగా చూసినవాళ్లు వాళ్లెవరో తెలియక దాటేస్తారు.

కాబట్టి విడుదలైన వరుసే మేలు: 2014, 2015, 2017, 2020, 2023. అంతకుముందు ఇదే పేరుతో వచ్చిన 1996 నాటి సినిమా చూస్తే మొదటి సీజన్లో మంచు కింద దొరికే డబ్బు పెట్టె ఎక్కడిదో తెలుస్తుంది. చూడకపోయినా కథ అర్థమవుతుంది. టైము లేనివాళ్లు ఒకటి, రెండు సీజన్లు వెంటవెంటనే చూస్తే చాలు, మొత్తం 20 ఎపిసోడ్లు. మూడోదాంట్లో మొదటి సీజన్ పాత్ర ఒకటి మళ్లీ తగులుతుంది. ఐదోది విడిగా చూసినా నష్టం లేదు. నాలుగో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ దాదాపు అంతా నలుపు తెలుపులోనే ఉంటుంది, టీవీ సెట్టింగులు కెలక్కండి.

ఇలాంటిదే ఇంకో నేర కథల ఆంథాలజీ 'ట్రూ డిటెక్టివ్'కు ఇంత పట్టింపు లేదు. దాన్ని సంవత్సరాల వరుసలో పెట్టడం అసలు కుదరదు కూడా. మొదటి సీజన్ ఒక్కటే 1995, 2002, 2012 మధ్య తిరుగుతుంది. మూడోది 1980, 1990, 2015ల్లో నడుస్తుంది. కత్తెర పట్టుకుని కూర్చోవాల్సిందే! మొదటిది చూశాక మూడు, నాలుగు చూడండి, ఎందుకంటే మొదటి కథ ప్రస్తావన ఆ రెండింట్లోనూ వస్తుంది. రెండోది ఎప్పుడు చూసినా పరవాలేదు.

చివరిగా ఒక హెచ్చరిక. 'ఫార్గో' ఎపిసోడ్ల మొదట్లో ఇది నిజంగా జరిగిన కథ అని, సంవత్సరంతో సహా తెర మీద పడుతుంది. అది ఉత్తుత్తిదే. నిజమనుకుని ఆ కేసు కోసం నెట్లో వెతికారో, కేసు దొరకదు సరికదా, ఎవరు చస్తారో మొదటి లైన్లోనే తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు