భూగోళశాస్త్ర విభాగంలో పనిచేసే అమ్మాయికి అమ్మ ఉత్తరం

కడప

చిరంజీవి హరితకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నాన్నా క్షేమం. నిన్న ఫోనులో నువ్వు అన్న మాట గురించి తీరికగా రాయాలనిపించి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. బోధనేతర సిబ్బందిని కూడా శిక్షణలకు పంపుతామని, ఎవరికి ఏ విషయంలో శిక్షణ కావాలో రాసి ఇమ్మని మీ విభాగాధిపతి గారు అడిగితే, "నేను వట్టి ల్యాబ్ అసిస్టెంటును కదమ్మా, అవన్నీ సార్లకు, పీహెచ్‌డీ పిల్లలకు" అని నువ్వు కాగితం ఇవ్వకుండా ఊరుకున్నానన్నావు. ఆ కాగితం నువ్వు తప్పకుండా ఇవ్వాలి, అందులో ఏం రాయాలో కూడా బాగా ఆలోచించి రాయాలి. నా ఉద్యోగమంతా డిగ్రీ కాలేజీ ల్యాబులోనే గడిచింది కాబట్టి ఈ విషయంలో చెప్పే చనువు తీసుకుంటున్నాను.

మీ అనంతపురం జిల్లా నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువన్న సంగతి నీకు కొత్తగా చెప్పనక్కరలేదు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. అంటే ఒక ఊరి బోరు నీళ్ళు తాగవచ్చునా లేదా అన్నది అర మిల్లీగ్రాము తేడాలో తేలిపోతుంది. ఇప్పుడు ఒక పరిశోధక విద్యార్థి ఊరూరా తిరిగి నమూనాలు తెచ్చాడనుకో. బోరును కాసేపు పారించి, పైపులో నిలిచిన నీళ్ళు పోయాక పట్టాడా లేదా? సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు తొలిచాడా? ఫ్లోరైడు గాజుతో కలిసే గుణమున్నది కాబట్టి దాని కోసం ప్లాస్టిక్ సీసా వాడాడా, లేక చేతికందిన గాజు సీసా తీసుకుపోయాడా? నీళ్ళు భూమిలోంచి పైకి వచ్చాక వాటిలోని వాయువులు పోయి పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, మారుతుంది కాబట్టి దాన్ని అక్కడికక్కడే కొలిచాడా? నైట్రేటు నమూనాను ఐసు పెట్టెలో చల్లగా ఉంచి తెచ్చాడా, ఎండలో జీపు వెనక పడేసి తెచ్చాడా? ఆ పిల్లవాడు బయలుదేరే ముందు రోజు సాయంత్రం సీసాలు కడిగి, పేర్లు అంటించి, పెట్టె సర్ది ఇచ్చేది నువ్వే. వాడికి ఈ సంగతులు చెప్పగలిగేది కూడా ఆ గదిలో నువ్వే, ఎందుకంటే గైడు గారు ఆ సమయానికి తరగతిలో ఉంటారు. విత్తనం పుచ్చిపోతే సేద్యం ఎంత బాగా చేసినా కాయ రాదు. నమూనా చెడిపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా చెడిన నీటి లెక్కనే చెబుతుంది.

అందుకని నీ కాగితంలో మొట్టమొదట నీటి, మట్టి నమూనాల సేకరణ, వాటిని భద్రపరచడం, పరికరాల కాలిబ్రేషన్ (అవి సరిగా కొలుస్తున్నాయా అని సరిచూడడం) అని రాయి. పీహెచ్ మీటరును రోజూ బఫరు ద్రావణాలతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో, సరిచూడడం నీకు వచ్చు, అది నాకు తెలుసు. అయితే సరిచూసిన సంగతిని తేదీతో, బఫరు సీసా గడువుతో సహా రిజిస్టరులో రాయడం, రీడింగు దారి తప్పుతున్నదని ఆ రిజిస్టరు చూసి కనిపెట్టడం, ఎలక్ట్రోడును ఎప్పుడు మార్చాలో తేల్చడం ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకొని నేర్పవలసిన పనులు. నీటిలోని మురికిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజను వాడుకుంటాయో కొలిచే బీఓడీ పరీక్ష విషయమే చూడు. విదేశీ పుస్తకాల్లో 20 డిగ్రీల దగ్గర 5 రోజులని ఉంటుంది, మన ప్రమాణాల్లో 27 డిగ్రీల దగ్గర 3 రోజులని ఉంటుంది. ఒక ఏడాది ఒక పద్ధతిలో, మరో ఏడాది మరో పద్ధతిలో చేసి రెంటినీ ఒకే పట్టికలో పెడితే, చెరువు బాగుపడిందో పాడైందో ఎవరూ చెప్పలేరు.

వర్షమాపకం గురించి ఒక మాట. ఫైబర్‌తో చేసిన ఎఫ్‌ఆర్‌పీ వర్షమాపకాల్లో గరాటు వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లున్నవి, 200 ఉన్నవి, రెండు రకాలూ వస్తాయి. దేని కొలగ్లాసు దానిదే. 200 రకానికి చేసిన గ్లాసుతో 100 రకంలోని నీళ్ళు కొలిస్తే 20 మిల్లీమీటర్ల వాన కాస్తా 10గా నమోదవుతుంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే జిల్లాలో, శనక్కాయ విత్తాలా వద్దా అని రైతు ఆకాశం వైపు చూసే చోట, అది చిన్న తప్పు కాదు. పొద్దున 8:30కే రీడింగు తీయాలన్న నియమం సెలవు రోజున కూడా తప్పకూడదు. ఆ రోజు ఎవరు రావాలో ముందే రాసి పెట్టుకోవడం కూడా నీ పనిలో భాగమే.

పటాల పని కూడా నేర్చుకో. ఇందులో నీకు భయముందని నీ గొంతులోనే తెలిసింది, కానీ భయపడవలసినదేమీ లేదు. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు, అంటే నేల వివరాలు చూపే పటాలు, భూమి ఆకారానికి పూర్వం వాడిన ఎవరెస్టు గోళాకృతి లెక్కతో గీసినవి. నీ చేతిలోని జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే మరో లెక్కతో చెబుతుంది. అనంతపురం ఉన్న 57ఎఫ్ షీటు మీద జీపీఎస్ అంకెలను ఉన్నవి ఉన్నట్టు పెడితే బావి ఒక చోట ఉండగా గుర్తు మరో చోట పడుతుంది. 2005 పటాల విధానం తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్ పటాలు డబ్ల్యూజీఎస్ 84 మీదే ఉన్నాయి కాబట్టి, మీ బీరువాలోని ప్రతి షీటు ఏ లెక్కదో అట్ట మీద రాసి పెట్టడం నువ్వు రేపే మొదలుపెట్టగల పని. క్యూజీఐఎస్ కంప్యూటరులో పటాలు చేయడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు. ఇస్రో వారి భువన్ వెబ్‌సైటులో ఉపగ్రహ చిత్రాలు ఇంట్లో కూర్చొని చూడవచ్చు. డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ వారు దూర సంవేదన (ఉపగ్రహ చిత్రాలతో నేలను పరిశీలించడం), జీఐఎస్ (కంప్యూటరు పటాల పని) పాఠాలను ఇంటర్నెట్ ద్వారా ఉచితంగా చెప్పి సర్టిఫికెట్టు ఇస్తారు. హైదరాబాదులో ఇస్రో వారి దూర సంవేదన కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది, అక్కడే ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయని వెనకాడవద్దు. చేతితో చేసే పని కాబట్టి రెండోసారి చూసేసరికి నీకు పట్టుబడుతుంది.

క్షేత్ర పర్యటనల భద్రత కూడా రాయి. బెలూం గుహలకైనా, గండికోట లోయకైనా పిల్లలను తీసుకుపోయినప్పుడు నీళ్ళ డబ్బాలు, మందుల పెట్టె, తాళ్ళు, పిల్లల లెక్క చూసుకోవడం అన్నీ చివరికి మీ మీదే పడతాయి. వడదెబ్బకు, పాముకాటుకు మొదటి అరగంటలో ఏం చేయాలో, ఏం చేయకూడదో ప్రథమ చికిత్స శిక్షణలో నేర్చుకున్నవారు కనీసం ఇద్దరు వెంట ఉండాలి.

నా కాలంలో మాలాంటివాళ్ళకు శిక్షణ అన్న ఆలోచనే ఎవరికీ ఉండేది కాదు. కొత్త యంత్రం వస్తే కంపెనీ మనిషి వచ్చి లెక్చరరు గారికి చూపించి పోయేవాడు, మేము తలుపు దగ్గర నిలబడి చూసి నేర్చుకున్నాము. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే నీ విషయంలో ఇంత పట్టుబడుతున్నాను. బ్రిటనులో 2017లో టెక్నీషియన్ కమిట్‌మెంట్ అనే ఒప్పందం మొదలై, విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు అందులో సంతకం చేశాయి. ల్యాబు సిబ్బంది పని నలుగురికీ కనబడాలి, దానికి గుర్తింపు రావాలి, వాళ్ళకు ఉద్యోగంలో ఎదుగుదల ఉండాలి, వాళ్ళ నైపుణ్యం తర్వాతి తరానికి నిలవాలి అన్నవి అందులోని నాలుగు అంశాలు. వాటిలో మన దగ్గర పనికిరానిది ఒక్కటీ లేదు. నువ్వు చేసిన విశ్లేషణ మీద ఆధారపడిన సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతల పేజీలో నీ పేరు ఉండాలని అడగడం అత్యాశ కాదు, మర్యాదగా అడుగు.

శిక్షణ నుంచి వచ్చాక రెండు పనులు మాత్రం వాయిదా వేయకు. నేర్చుకున్న పద్ధతిని తెలుగులో, వరుసగా, ఒక్కో పరీక్షకు ఒక్కో పేజీ చొప్పున రాసి ఆ యంత్రం పక్క గోడకు అంటించు. మీ అటెండరు గారిని కూర్చోబెట్టి అదంతా చేయించు. ఆయన వయసులో పెద్దవాడు, మొహమాటపడతాడు, అయినా నువ్వు గౌరవంగా అడిగితే కాదనడు. నువ్వు సెలవులో ఉన్న రోజున ల్యాబు ఆగకూడదు.

దరఖాస్తు ఒక పేజీకి మించనివ్వకు. "శిక్షణ కోరుచున్నాను" అని ఊరికే రాయకుండా, ఏ శిక్షణ వల్ల ఏ తరగతికి, ఏ పరిశోధనకు ఉపయోగమో ఒక్కో వాక్యంలో రాయి. ఆ రోజులను ఆన్ డ్యూటీగా పరిగణించమని, ప్రయాణ ఖర్చు ఇప్పించమని, సర్టిఫికెట్టు వివరం సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించమని కూడా అందులోనే అడుగు. ఇవి నోటిమాటగా వదిలేస్తే పదోన్నతి వేళకు ఆధారం ఉండదు. రెండు ప్రతులు తీసుకుపోయి ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకొని నీ దగ్గర ఉంచుకో. ఈ సోమవారమే ఇచ్చి నాకు ఫోను చెయ్యి. ముసాయిదా చూపించాలనుకుంటే ఆదివారం వాట్సాప్‌లో పంపు, నాన్నా నేనూ చదివి చెబుతాము.

ఇట్లు
నీ అమ్మ