హోరు విని పాత వాక్యూమ్ క్లీనర్ కొనొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ ఆన్‌లైన్‌లోనూ పాత వాక్యూమ్ క్లీనర్లు చవగ్గా దొరుకుతున్నాయి. అమ్మేవాళ్లు ప్లగ్గు పెట్టి, హోరు వినిపించి, ‘మోటారు గట్టిది’ అంటారు. ఆ హోరును నమ్మి డబ్బులివ్వొద్దు. సంచి నిండిపోయినా, పైపులో గుడ్డపేలిక అడ్డం పడినా ఫ్యాన్‌కు గాలి అందదు. మోటారు మీద బరువు తగ్గి అది ఇంకా జోరుగా తిరుగుతుంది, కూత పెరుగుతుంది. పొడి చెత్తకే పనికొచ్చే రకాల్లో మోటారును చల్లబరిచేది కూడా ఆ పీల్చిన గాలే. అడ్డు తీయకుండా నడిపిస్తే వైండింగ్ (మోటారులోని రాగి తీగ చుట్ట) కాలిపోతుంది. వేడెక్కితే కరెంటు ఆపే థర్మల్ కటౌట్ ఉన్నవైతే మధ్యలో ఆగి, చల్లారాక మళ్లీ తిరుగుతాయి. ‘కాసేపు ఆడి ఆగిపోతోంది’ అని పాత సామాన్లవాడికి తూకానికి వేసేవాటిలో చాలావాటి జబ్బు ఇదే!

కాబట్టి ముందు మోటారు జోలికి పోకుండా గాలి దారి చూడాలి. పైపును నిటారుగా పట్టుకుని పైనుంచి గోలీకాయ వదలండి, అడ్డుంటే తెలిసిపోతుంది. తర్వాత మిషన్ ఆన్ చేసి, వెలిగించిన అగరుబత్తిని మూత అంచుల వెంబడి, పైపు అతుకుల వెంబడి వేలెడు ఎడంగా నడపండి. పొగ ఎక్కడ లోపలికి వంగిందో అక్కడ గాలి దొంగతనంగా పోతున్నట్టు. ఎక్కువగా మూత కింది రబ్బరు గ్యాస్కెట్ ఎండి గట్టిపడి ఉంటుంది. అసలుది దొరక్కపోతే తలుపులకు అంటించే నురుగు రబ్బరు పట్టీ అదే మందంలో వేస్తే సరిపోతుంది.

ముగ్గుపిండి, సిమెంటు దుమ్ము గుడ్డసంచి నేతలోకి కూరుకుపోతాయి, దులిపితే రావు. సంచిని తిరగేసి ఉతికి, కనీసం ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి. స్పాంజి ఫిల్టరుకూ అంతే. తడిగా బిగిస్తే దుమ్ము అక్కడే పేస్టులా అంటుకుపోతుంది. కాగితం సంచిని కడిగి వాడే ప్రయత్నం చేయొద్దు.

ఇక మోటారు. ప్లగ్గు పీకినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండొచ్చు. మిషన్ స్విచ్ ఆన్‌లో ఉంచి, ప్లగ్గు రెండు పిన్నులకూ పాతరకం (ఫిలమెంట్) బల్బు తగిలిస్తే దిగిపోతుంది. వైరు చుట్టే చక్రం బాగా పనిచేస్తుంటే దాన్ని మాత్రం విప్పొద్దు; లోపలి స్ప్రింగు పట్టీ ఎగిరిందంటే చేతులు తెగుతాయి.

మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి 6 మిల్లీమీటర్ల కన్నా పొట్టివైతే రెండూ కలిపి మార్చాలి. పాతది చేత్తో పట్టుకెళ్లి కొలత సరిచూసి తెచ్చుకోండి. కొత్తది హోల్డర్‌లో తేలిగ్గా జారాలి. బిగుసుకుంటే కమ్యుటేటర్‌ను (బ్రష్‌లు ఒరుసుకునే రాగి పలకల చుట్టును) సరిగా తాకక నిప్పురవ్వలు రాలుస్తుంది. కమ్యుటేటర్ మీద సమానంగా పరుచుకున్న గోధుమరంగు మంచి లక్షణం, దాన్ని గీకి తెల్లగా చేయడం తప్పు. నల్ల చారలుంటేనే సన్నటి గ్లాస్ పేపర్‌తో మెల్లగా రుద్ది, రాగి పలకల మధ్య గాళ్లను పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయాలి. ఒకట్రెండు పలకలే కాలినట్టుంటే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) వైండింగ్ తెగిందని అనుమానించాలి. అక్కడ ఖర్చు పెట్టడం దండగ.

షాఫ్టును చేత్తో తిప్పితే గరగరమంటే బేరింగులు పోయినట్టే. చాలా మోటార్లలో ఉండేది 608 నంబరు (లోపల 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు), రాణీగంజ్‌లో ఏ బేరింగుల షాపులోనైనా ఇస్తారు. నంబరు పక్కన ఉన్న అక్షరాలు కూడా చూసి అదే రకం తీసుకోండి. షాఫ్టుకు ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే ఒత్తిడి పడాలి. బయటి రింగు మీద సుత్తితో కొడితే గుండ్ల దారిలో నొక్కులు పడతాయి, కొత్త బేరింగే మళ్లీ అరుస్తుంది. ఫ్యాన్ రేకులు కాస్త వంగినా ఊరుకోవద్దు. నిమిషానికి 20 వేల చుట్లు దాటే మోటారులో ఆ వంకర బేరింగులను తినేస్తుంది.

బిగించాక నేరుగా కరెంటు ఇవ్వొద్దు. 200 వాట్ల పాతరకం బల్బును సీరీస్‌లో (కరెంటు బల్బు గుండానే మిషన్‌కు వెళ్లేలా) పెట్టండి, ఎల్‌ఈడీ పనికిరాదు. మోటారు తిరక్కుండా బల్బు నిండుగా వెలిగితే షార్టో, బిగుసుకుపోవడమో. అసలు వెలగకపోతే ఎక్కడో తెగినట్టు. మెల్లగా తిరిగితే అరగంట అలాగే వదలండి, బ్రష్‌ల మొనలు కమ్యుటేటర్ వంపుకు ఒదుగుతాయి. తర్వాత కరెంటు ఒంటికి కారుతోందా అని చూసే 500 వోల్టుల మెగ్గర్‌తో ప్లగ్గు పిన్నులకూ మోటారు ఇనుప ఒంటికీ మధ్య చూస్తే 2 మెగోమ్‌ల కన్నా తక్కువ చూపించే మిషన్‌ను ఇంట్లో వాడకూడదు. నీళ్లు పీల్చినవాటిలో ఇది తరచూ కనిపిస్తుంది. 1,400 వాట్ల మిషన్ 6 ఆంపియర్లు దాటి లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల ప్లగ్గే ఉండాలి.

ఇంత పనికీ అడ్డుపడుతున్నది విడిభాగాలే. బ్రష్‌ల జత అడిగితే కొన్ని సర్వీస్ సెంటర్లలో మోటారు మొత్తం కొనమంటున్నారు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ‘రైట్ టు రిపేర్’ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెచ్చింది. కంపెనీలు అందులో ప్రతి మోడల్‌కూ బ్రష్ కొలత, బేరింగ్ నంబరు, గ్యాస్కెట్ మందం, విప్పే వరుస బొమ్మలతో సహా పెట్టాలన్నది మా కోరిక. బ్రష్‌లనూ గ్యాస్కెట్‌లనూ విడిగా, ధర ముద్రించి అమ్మేలా ఆ శాఖ ఆదేశించాలని కోరుతున్నాం.

— గృహోపకరణాల మరమ్మతు పనివారు, సికింద్రాబాద్