మూడో పుట దగ్గర ఆగిపోయిన పాఠం: వైపో డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

ప్రపంచ మేధో సంపత్తి సంస్థ (వైపో) డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారాలు.

కాపీరైట్ మినహాయింపుల గురించి, అంటే హక్కుదారు అనుమతి లేకుండానే రచనను కొంతమేర వాడుకోనిచ్చే చట్టపు వెసులుబాట్ల గురించి, మీకు నేను కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. మీ స్థాయీ సంఘం దాదాపు ఇరవై ఏళ్లుగా చర్చిస్తున్న విషయమే ఇది. అందుకే ఉపోద్ఘాతం లేకుండా నేరుగా నా గోడు చెప్పుకుంటాను.

నేను ఆన్‌లైన్‌లో అనువాద చరిత్ర బోధిస్తాను. పాఠంలో ఒక అధ్యాయం తప్పనిసరిగా చదివించాలి. 200 పుటల పుస్తకంలో 14 పుటల అధ్యాయం అది. పుస్తకం అచ్చులో లేదు. ప్రచురణ సంస్థ మూతపడి చాలా కాలమైంది. రచయిత వారసులు ఎవరో, ఎక్కడున్నారో ఎంత వెతికినా తెలియలేదు. నా విద్యార్థులు భారత్, కెనడా, అమెరికా, బ్రిటన్, జర్మనీ, అర్జెంటీనాలలో ఉన్నారు. ఆ 14 పుటలు వారందరికీ పంపవచ్చునా? నేను అడిగింది ఈ ఒక్క ప్రశ్నే. దీన్నే వినతిపత్రంగా రాసి రెండేళ్లలో పలు దేశాల కార్యాలయాలకు పంపాను. చాలా చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. జవాబు ఇచ్చిన ఇద్దరూ ఒకటే మాట అన్నారు: పక్క దేశపు చట్టం మా పరిధిలోకి రాదు, న్యాయవాదిని సంప్రదించండి.

చివరికి ఆ చట్టాలన్నీ నేనే ముందేసుకుని కూర్చున్నాను. చదివే కొద్దీ దిగులు పెరిగింది.

జర్మనీ చట్టం బోధన కోసం ఒక రచనలో 15 శాతం వరకు వాడుకోనిస్తుంది. నా అధ్యాయం 7 శాతమే. అక్కడి విద్యార్థికి చిక్కు లేదు. బ్రిటన్‌లో విద్యాసంస్థకు ఏడాదికి 5 శాతమే హద్దు, అదీ లైసెన్సు దొరికే అవకాశం లేనప్పుడే. అంటే పది పుటల దగ్గర ఆగిపోవాలి. వాదన ముగింపుకు వచ్చేది పన్నెండో పుటలో. భారత్‌లో అంకెల హద్దు లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గరి ఫోటోకాపీల కేసులో అక్కడి హైకోర్టు 2016లో బోధనకు ఎంత అవసరమో అంత తీసుకోవచ్చని చెప్పింది. కెనడా సుప్రీంకోర్టు 2004లోనే ఇంకో అడుగు ముందుకు వేసి, ఫెయిర్ డీలింగ్ (చట్టం చెప్పిన కొన్ని అవసరాలకు అనుమతి లేకుండా సబబుగా వాడుకోవడం) అనేది వాడుకునేవారి హక్కు అని తేల్చింది. 2012లో అక్కడి పార్లమెంటు ఆ అవసరాల జాబితాలోకి విద్యను కూడా చేర్చింది. ఈ రెండు దేశాల విద్యార్థులకు ధైర్యంగా పంపగలను.

అమెరికాలో ఫెయిర్ యూజ్ ఉంది, అంటే వాడకం సబబైనదా కాదా అని నాలుగు అంశాలు తూచి చూస్తారు. నిజంగా విశాలమైన సూత్రం, కాదనను. కానీ తూచేది కోర్టు, అదీ దావా పడ్డాక. జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం తన విద్యార్థులకు పుస్తక భాగాలు చదవడానికి ఇచ్చినందుకు 2008లో పడిన దావా 2020 దాకా నడిచింది. పన్నెండేళ్లు! ఒక పెద్ద విశ్వవిద్యాలయం తట్టుకుంది. ఒంటరి ఉపాధ్యాయుడు తట్టుకోగలడా?

అర్జెంటీనా సంగతికి వచ్చేసరికి నాకు నోట మాట రాలేదు. అక్కడి చట్టం 1933 నాటిది. బోధన, శాస్త్ర అవసరాల కోసం వ్యాఖ్యానిస్తూ ఉదహరించడానికి వెయ్యి పదాలే హద్దు. అధ్యాయాన్ని ముందు పెట్టుకుని ఒక్కొక్క పదమూ లెక్కపెట్టాను. వెయ్యో పదం మూడో పుట మధ్యలో, ఒక వాక్యం నడుమ పడింది. అక్కడ పెన్సిలుతో గీత గీశాను. ఆ గీత ఇప్పటికీ నా ప్రతిలో ఉంది. మిగిలిన అయిదుగురూ చర్చించే విషయమంతా ఆ గీత కిందే ఉంది. అర్జెంటీనా విద్యార్థిని నాకు రాసిన ఉత్తరంలో కోపం కూడా లేదు. "మిగతాది మీరు నోటితో చెబితే రాసుకుంటాను" అంది. రెండు తరగతులు అలాగే నడిపాను, పదకొండు పుటలకు పైగా నా మాటల్లో చెప్పుకుంటూ. ఇది చదువు కాదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

అయ్యా, ఒక్కసారి ఆలోచించండి. ఆ పుస్తకం మీద హక్కుదారుకు ఆరు దేశాలలోనూ రక్షణ ఉంది. 1886 నాటి బెర్న్ ఒప్పందం ఆ ఏర్పాటు చేసింది. రచయిత మరణించాక కనీసం 50 ఏళ్లు కాపాడి తీరాలని 180కి పైగా దేశాలను కట్టడి చేసింది. అదే ఒప్పందం పదో అధికరణలో ఉల్లేఖనను అనుమతించి తీరాలంది, కానీ బోధన దగ్గరికి వచ్చేసరికి ఆయా దేశాల చట్టాలకే వదిలేసింది. యజమాని హక్కు విమానం ఎక్కి ఎక్కడికైనా వెళ్తుంది. చదువుకునేవారి హక్కు మాత్రం సరిహద్దు దగ్గర దిగిపోవాలి. పైగా మీ పత్రాలలో దాని పేరు హక్కు కూడా కాదు, "మినహాయింపు". దయతలచి వదిలిపెట్టినట్టు ఉంటుంది ఆ మాట.

సభ్యదేశాలు ఒప్పుకోనిదే ఏమీ చేయలేమని మీరు అనవచ్చు. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ చూపులేనివారి కోసం 2013లో మరాకేష్ ఒప్పందం ఇదే సభ్యదేశాలతో మీ సంస్థే చేయించింది. మినహాయింపును తప్పనిసరి చేసింది, ప్రతులు సరిహద్దు దాటే దారి వేసింది. భారత్ 2014లో అందరికంటే ముందు ఆమోదించింది. చేయాలనుకుంటే అవుతుందని మీరే రుజువు చేశారు. మరి గ్రంథాలయాలకూ విద్యకూ తగిన అంతర్జాతీయ పత్రం కోసం కృషి చేయాలని 2012లో మీ సర్వసభ్య సమావేశం అప్పగించిన పని ఏమైంది? 2023లో ఆఫ్రికా దేశాల ప్రతిపాదనపై కార్యక్రమ ప్రణాళిక ఒకటి ఆమోదించారు. సంతోషించాను. ఆ ప్రణాళికలో నా విద్యార్థిని చదువుకోవడానికి పనికివచ్చే ఒక్క వాక్యమైనా కట్టుబాటుగా మారాలి కదా!

గ్రంథాలయాల పరిస్థితి మరీ దయనీయం. మీ సంస్థ కోసం 2015లో చేసిన అధ్యయనమే 188 దేశాలలో 32 దేశాల చట్టాలలో గ్రంథాలయ మినహాయింపు ఒక్కటీ లేదని చెప్పింది. ఆ నివేదిక మీ బల్ల మీదే ఉంటుంది.

రచయితల పొట్ట కొట్టమని నేను అడగడం లేదు. నేనూ అనువాదాలు చేసి బతికినదాన్నే. సరిహద్దులు దాటే బోధనకు అన్ని దేశాలలో ఒకే కనీస హద్దు పెట్టండి. అది ఎంత ఉండాలో మీరే తేల్చండి, కానీ తేల్చండి. యజమాని దొరకని పుస్తకాలకు ఒక దారి చూపండి. చట్టం ఇచ్చినదాన్ని ప్రైవేటు ఒప్పందపత్రంలోని షరతు లాక్కోకూడదని సింగపూర్ 2021 చట్టంలో కొన్ని అనుమతుల విషయంలో రాసుకుంది. అలాంటి మాట అందరికీ వర్తించేలా చేయండి. ఇవన్నీ ఇప్పుడే కావంటే, కనీసం ఎప్పటికవుతాయో ఒక తేదీ చెప్పండి.

కొత్త తరగతి మొదలు కాబోతోంది. అర్జెంటీనా నుంచి ఈసారి ఇద్దరు చేరారు. వారికి నాలుగో పుట పంపవచ్చునా, లేదా? దయచేసి జవాబు ఇవ్వండి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు