లా ఫెర్తె చూసొచ్చాను రా

ఒరేయ్ శీనూ,

ఇన్నాళ్ళూ రాయనందుకు ఎంతైనా తిట్టుకో, బిస్కెట్ ప్యాకెట్ ఊసు మాత్రం ఎత్తకు. ఉద్యోగం బాగుంది, అద్దె పెంచారు, అత్తయ్య పంపిన గోంగూర అయిపోయింది. ఇంట్లో వార్తలు ఇంతే.

అసలు సంగతేమిటంటే, ఆదివారం లా ఫెర్తె కోట చూశాను. ఫ్రాన్సులో మోంమెది ఊరి దగ్గర, బెల్జియం సరిహద్దు పక్కనే. కోటంటే బురుజులూ గోడలూ అనుకునేవు, ఏమీ లేవు! గడ్డి దిబ్బ, కాంక్రీటు బ్లాకులు రెండు, పైన ఉక్కు గోపురాలు, వాటిలో ఒకటి టరెట్, అంటే పైకి లేచి కాల్చి కిందికి దిగేది. మిగతాదంతా నేల కిందే. స్కూల్లో మాజినో లైన్ అని బట్టీ పట్టాం చూడు, జర్మనీని ఆపడానికి ఫ్రాన్స్ కట్టుకున్న కోటల వరుస, అందులో మోంమెది వరుసకి పడమటి కొస ఇది. చిన్న కోట కాబట్టి సొంతంగా పెద్ద ఫిరంగులు లేవు. మెషిన్ గన్లు, ట్యాంకుల్ని కొట్టే గన్లు, అంతే. ఎవరైనా నెత్తికెక్కితే పక్క కోట లె షెనువా 75 మి.మీ. గుండ్లు వేసి దులపాలి, అదీ ప్లాను.

1940 మే 18 సాయంత్రం నిజంగానే ఎక్కారు. రెండో బ్లాకు టరెట్ పైకి లేచి ఇరుక్కుపోయింది, కిందికి దిగదు. జర్మన్ సైనికులు దాని పక్కన మందుపాతర పెట్టి పేల్చారు, ఆ కన్నంలోంచి లోపలికి ఇంకా పేలుడు సామాను విసిరారు. మంటలు, పొగ. తర్వాత మొదటి బ్లాకుదీ అదే గతి. లోపలున్న ఫ్రెంచి సైనికులు ఇంక ఎక్కడికి పోతార్రా? రెండు బ్లాకుల్నీ కలిపే సొరంగంలోకి దిగారు, 200 మీటర్ల పైన పొడవు, కోట మొత్తంలో భద్రమైన చోటు అదే కదా. పొగ కూడా అక్కడికే దిగింది. మాస్కులున్నాయి, కానీ కార్బన్ మోనాక్సైడ్‌ని ఆ మాస్కులు ఆపవు. కోట కమాండర్ లెఫ్టినెంట్ బూర్గిన్యోన్ రాత్రంతా పై అధికారులకి ఫోన్లు చేస్తూనే ఉన్నాడట. 19 తెల్లవారాక ఫోన్ లేదు. 107 మంది, ఒక్కడూ మిగల్లేదు. మన హాస్టల్లో ఒక ఫ్లోర్ మొత్తం అనుకో. కొందరి శవాలు 1973 దాకా దొరకనేలేదు.

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు. కాపాడాల్సిన గన్లు పక్క కోటలో, వీళ్ళేమో... సరే వదిలేయ్. గైడు ముసలాయన మాత్రం అచ్చం మన లాంతరు మాస్టారే, అదే దగ్గు, నవ్వాపుకోలేక చచ్చాను, ఆ చోట నవ్వడమేంటో!

గాలి మిషన్ల సంగతి ఇంకా చెప్పనేలేదు, అది ఇంకా ఘోరం, చేత్తో తిప్పే... అబ్బా, మీటింగ్‌కి పిలుస్తున్నారు. పెద్దమ్మని అడిగానని చెప్పు. మిగతాది రాత్రికి.

నీ
బండోడు