చీమకుర్తి ఆఫీసుల్లో మేం పెట్టిన కంప్యూటర్ల గురించి

ఒంగోలులో మా షాపులో ఉబుంటు (విండోస్ బదులు వాడే సిస్టమ్) వేయించుకుని కంప్యూటర్ తీసుకున్న కస్టమర్లందరికీ నమస్కారం. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులవాళ్లు దయచేసి పూర్తిగా చదవండి.

ఫ్యాన్ మోతకి ఫోన్లో మాట వినపడట్లేదని మీలో చాలామంది చెప్పారు. అందుకని వేడినీ ఫ్యాన్ వేగాన్నీ చూపించే ఎల్‌ఎం-సెన్సర్స్ వేసి, ఫ్యాన్ వేగాన్ని మార్చే ఫ్యాన్‌కంట్రోల్ అనే ప్రోగ్రాం పెట్టాం. మదర్‌బోర్డులో వేడినీ ఫ్యాన్ వేగాన్నీ చూసుకునే చిప్ ఒకటుంటుంది. దాని డ్రైవర్ ద్వారా ఫ్యాన్‌కి 0 నుంచి 255 దాకా ఏదో ఒక అంకె ఇవ్వొచ్చు. 255 అంటే ఫుల్ స్పీడు. చల్లగా ఉంటే ఫ్యాన్ ఆగిపోయేలా, వేడెక్కితే 70 అనే అంకెతో మొదలయ్యేలా, ఎంత వేడెక్కినా ఆ అంకె 110 దాటకుండా సెట్ చేశాం. షాపులో కొత్త ఫ్యాన్ మీద చూసుకున్నాం, బాగానే తిరిగింది. మీ ఆఫీసులో ఉండే దుమ్ము సంగతి మాత్రం ఆలోచించలేదు. అది పూర్తిగా మా తప్పు.

పోయిన వారం ఒక బిల్లింగ్ కంప్యూటర్ వచ్చింది, బిల్లు తీయడానికి పది నిమిషాలు పడుతోందని. మూత తీస్తే రెక్కల మీద బూడిదరంగు రాతిపొడి అట్టకట్టి ఉంది. కోతమిషన్ల దగ్గర నీళ్లతో కలిసిన పొడే ఎండి గాలికి లేస్తుంది కదా, అదే. ప్రోసెసర్ 96 డిగ్రీలు. కాలిపోకుండా అదే తన వేగం తగ్గించుకుంటోంది, బిల్లు ఆలస్యం అందుకే. ఫ్యాన్ మాత్రం కదలట్లేదు. 110 అందుతున్నా ఆ మట్టిపట్టిన బేరింగుకి చాలట్లేదు. నేనే 255 కొట్టాను. ఒకసారి వణికి, పొడి రాల్చుకుంటూ తిరిగింది.

మా ప్రోగ్రాం లేకపోతే బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) ఎప్పుడో ఫుల్ స్పీడు ఇచ్చి ఉండేది. దాని చేతిలోంచి పగ్గాలు లాక్కుని పైన అడ్డుకట్ట వేసింది మేమే.

ఇకనుంచి ఫ్యాన్ ఎప్పుడూ ఆగదు. 150తో మొదలవుతుంది, 75 డిగ్రీలు దాటితే 255కి వెళ్తుంది. అందరి దగ్గరికీ వచ్చి ఉచితంగా మార్చి, బ్లోయర్‌తో శుభ్రం చేసి వెళ్తాం. చీమకుర్తివాళ్లవి ముందు చేస్తాం. విండోస్ ఉన్నవాళ్లకి టెన్షన్ అక్కర్లేదు, వాటిలో మేం ఏమీ మార్చలేదు.

మేం వచ్చేలోపు కంప్యూటర్ నెమ్మదిస్తే టెర్మినల్లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) సెన్సర్స్ (sensors) అని ఇంగ్లీషులో కొట్టండి. వేడి 85 పైన ఉండి ఫ్యాన్ పక్కన 0 కనిపిస్తే వెంటనే షట్‌డౌన్ చేసి ఫోన్ చేయండి, నంబర్ బిల్లు మీద ఉంది. మోత మునుపటికంటే కొంచెం పెరుగుతుంది. అది మరీ ఇబ్బందైతే చెప్పండి, పెద్ద సైజు ఫ్యాన్ అసలు ధరకే వేసిస్తాం. నెమ్మదిగా తిరిగినా గాలి ఎక్కువ తోస్తుంది.