వార్షిక నివేదిక: భువనేశ్వర్ యాత్ర, మిగతా సంగతులు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి, వాటిని సాగదీయను. పిల్లల తెలుగు తరగతులు వేసవి సెలవుల తర్వాత పలచబడ్డాయి, అదీ దాచను. ఈ ఏడాది చెప్పుకోదగ్గది భువనేశ్వర్ యాత్ర.

మన బరంపురం వాళ్ళకి భువనేశ్వర్ అంటే పెద్దాసుపత్రి, సెక్రటేరియట్, విమానాశ్రయం. 1936 దాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీ, తాతలకి రాజధాని అంటే చెన్నపట్నమే. భువనేశ్వర్‌లో కొత్త రాజధానికి శంకుస్థాపన జరిగింది 1948లో. పని మీద వెళ్ళి పని చూసుకుని తిరిగొచ్చేవాళ్ళమే గాని, పాత ఊరు చూద్దామని వెళ్ళినవాళ్ళు మనలో తక్కువ.

తెల్లవారుజామున బయలుదేరాం. బాలుగావ్ దగ్గర అద్దె బస్సు టైరు పంక్చరై గంటకు పైగా పోయింది. స్టెప్నీలో కూడా గాలి లేదు! పులిహోర పొట్లాలు అక్కడే విప్పేశాం.

ముందు భువనేశ్వర్ పక్కనున్న ఉదయగిరి గుహలు. హాథీగుంఫా అనే గుహ పైకప్పు రాతి మీద కళింగ రాజు ఖారవేలుడు బ్రాహ్మీ లిపిలో చెక్కించిన 17 పంక్తులున్నాయి. రాజైన రెండో ఏట శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సేనను పంపానని అందులో చెప్పుకున్నాడు. మన పాఠాల్లోని శాతవాహనుల పేరు అక్కడ కనబడేసరికి మాస్టార్లు మెట్ల మీదే చర్చకు కూర్చున్నారు. వాళ్ళను లేపడానికి కోతులే సాయం చేశాయి.

మధ్యాహ్నం లింగరాజ దర్శనం, బిందుసాగరం. 1278లో కళింగనేలిన గంగరాజుల ఆడపడుచు చంద్రికాదేవి కట్టించిన అనంత వాసుదేవాలయంలో విస్తళ్ళలో అభడా, అంటే స్వామివారి ప్రసాద భోజనం, తిన్నాం. గంగరాజుల తొలి రాజధాని కళింగనగరం మన పర్లాకిమిడి అవతలి ముఖలింగమేనని తెలిసి, అక్కడ కాపురమున్న ఒక పెద్దమ్మగారు 'అయితే మా ఊరి వాళ్ళేనన్నమాట' అని రెండో వడ్డన అడిగారు. ముక్తేశ్వర తోరణం దగ్గర ఫొటోలకే అరగంట. రాజారాణి గుడి బయట నుంచే చూశాం, టైము లేదు.

సాయంత్రం ధౌలి. జనమంతా నేరుగా కొండ మీది తెల్లని శాంతిస్తూపానికి ఎక్కిపోతారు. అది 1972 నాటిది. అశోకుడి శాసనం మాత్రం కొండ కింద, దారి పక్కన బండ మీద ఉంది. పైన రాతిలోంచి బయటికొస్తున్నట్టు ఏనుగు ముందుభాగం. అశోకుడు పలుచోట్ల రాళ్ళ మీద చెక్కించిన పద్నాలుగు శాసనాల్లో 11, 12, 13 ఈ బండ మీద లేవు. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారు, లక్షన్నర మందిని పట్టుకుపోయారు అని చెప్పేది ఆ పదమూడోదే. కర్నూలు వైపు ఎర్రగుడిలో అది ఉంది. దెబ్బతిన్న కళింగులకే ఆ లెక్క చెప్పలేదు. దాని బదులు 'సవే మునిసే పజా మమా', మనుషులంతా నా బిడ్డలే, అని అప్పటి తోసలి నగర అధికారులకు చెప్పిన వేరే శాసనాలు చెక్కారు.

ఇవే శాసనాలు మన గంజాం జిల్లా జౌగడలోనూ ఉన్నాయని, అక్కడ సమాపా అనే ఊరి అధికారులను ఉద్దేశించి రాశారని సంఘం కోశాధికారి చెప్పారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె 'మరి ఇంతదూరం ఎందుకొచ్చాం మావయ్యా?' అంది. నా దగ్గర జవాబు లేదు. పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డున ఉన్న జౌగడకి మా అత్తవారి బంధువుల పెళ్ళికి వెళ్ళే దారిలో ఎన్నోసార్లు పక్కనుంచే పోయాను. జౌ అంటే లక్క, ఏదో లక్కకోట కథలే అనుకున్నాను.

అందుకని కార్యవర్గం తీర్మానించింది: వచ్చే యాత్ర జౌగడకే. తెలుగు తరగతి పిల్లలకి ముందుగా బ్రాహ్మీ అక్షరాలు నాలుగైనా నేర్పించాలి, చెప్పేవాళ్ళుంటే కార్యదర్శికి కబురు చేయండి. యాత్ర ఖర్చు చందాల్లోనే సరిపోయింది, లెక్కలు విడిగా జతచేశాం.

ఈసారి బస్సు వేరేచోట మాట్లాడుతున్నాం. స్టెప్నీ నేనే చూసి ఎక్కుతాను.

కార్యదర్శి